కాల్‌మాడ్యులిన్ ఆకృతిని నిర్ణయించేది దాని భాగస్వామి: ఒక కేస్ స్టడీ

కాల్‌మాడ్యులిన్ అనే సంకేత ప్రోటీన్‌ను కాల్షియం ఉన్న బఫర్‌లో, పెద్ద అణువులను ముందుగా, చిన్నవాటిని ఆలస్యంగా వదిలే జెల్ ఫిల్ట్రేషన్ కాలమ్ గుండా పంపితే, దాని అసలు అణుభారమైన సుమారు 16.7 కిలోడాల్టన్ల కంటే పెద్ద ప్రోటీన్లు రావలసిన చోట అది బయటకు వస్తుంది. అదే ప్రోటీన్‌కు సుమారు 3 కిలోడాల్టన్ల బరువున్న ఎం13 అనే పెప్టైడ్‌ను, అంటే ఒక పొట్టి అమైనో ఆమ్లాల గొలుసును, ఒకటికి ఒకటి నిష్పత్తిలో కలిపి మళ్లీ అదే కాలమ్‌లో పంపితే, బరువు పెరిగిన ఆ జంట మొదటిదానికంటే ఆలస్యంగా, అంటే చిన్న అణువులా ప్రవర్తిస్తూ బయటకు వస్తుంది. పెప్టైడ్ చేరిన తరువాత ప్రోటీన్ బాగా ముడుచుకుని దగ్గరపడిందనడానికి ఇంతకంటే సులభమైన సాక్ష్యం ప్రయోగశాలలో దొరకదు. ప్రోటీన్ బయోకెమిస్ట్రీలో పనిచేసే నేను ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఈ ఒక్క జంటనే కాదు. ఒకే అమైనో ఆమ్ల శ్రేణి, నిండుగా కాల్షియం ఉన్నప్పటికీ, ఎవరితో జతకూడిందన్నదాన్ని బట్టి ఎంత భిన్నమైన రూపాలు తీసుకుంటుందో, ఆ రూపాలు దాని సంకేత శక్తినే ఎలా మారుస్తాయో, ఈ ప్రోటీన్‌పై పనిచేసేవారు ఏ జాగ్రత్తలు పాటించాలో వివరంగా రాయాలనుకున్నాను.

ప్రోటీన్ నేపథ్యం

1970లో అమెరికాలో వై యూ చెయంగ్, జపాన్‌లో షిరో కకియుచి, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, సైక్లిక్ న్యూక్లియోటైడ్ ఫాస్ఫోడైఎస్టరేజ్ అనే ఎంజైమ్‌ను ఉత్తేజపరిచే ఒక ప్రోటీన్‌ను గుర్తించారు. ఆ ఎంజైమ్ ఒక్కటే కాదని, కాల్షియం సంకేతాన్ని అందుకుని పనిచేసే ఎంజైములు, అయాన్ ఛానెళ్లు, కండర ప్రోటీన్లు ఎన్నో దీనిపైనే ఆధారపడి ఉన్నాయని తరువాతి పరిశోధనల్లో తేలింది. కాల్‌మాడ్యులిన్‌లో 148 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వెన్నెముక ఉన్న జంతువులన్నింటిలో ఈ శ్రేణి ఒక్కటే. మనిషిలో సీఏఎల్ఎం1, సీఏఎల్ఎం2, సీఏఎల్ఎం3 అనే మూడు వేర్వేరు జన్యువులు ఉన్నా, మూడూ తయారుచేసేది అక్షరం తేడా లేని ఒకే ప్రోటీన్‌ను. ఇంత కఠినంగా శ్రేణి నిలిచి ఉండటానికి కారణం దాని భాగస్వాముల సంఖ్యేనని నేను భావిస్తాను. ఉపరితలంపై ఏ అమైనో ఆమ్లాన్ని మార్చినా, ఎక్కడో ఒక భాగస్వామితో పొత్తు చెడుతుంది.

ఈ ప్రోటీన్‌కు ఎన్-లోబ్, సీ-లోబ్ అనే రెండు భాగాలు ఉంటాయి. ఒక్కొక్క లోబ్‌లో ఇఎఫ్ హ్యాండ్ అనే నిర్మాణాలు రెండేసి ఉంటాయి. ఒక్కొక్క ఇఎఫ్ హ్యాండ్‌లో ఒక హెలిక్స్ (స్ప్రింగ్‌లా చుట్టుకున్న గొలుసు భాగం), పన్నెండు అమైనో ఆమ్లాల లూప్, మరొక హెలిక్స్ వరుసగా వస్తాయి. కాల్షియం అయాన్ ఆ లూప్‌లో ఏడు ఆక్సిజన్ పరమాణువుల మధ్య కూర్చుంటుంది. లూప్ మొదటి స్థానంలోని ఆస్పార్టేట్, పన్నెండో స్థానంలోని గ్లుటమేట్ ఈ బంధానికి ముఖ్యమైనవి. విశ్రాంతిలో ఉన్న కణంలో స్వేచ్ఛా కాల్షియం సుమారు 100 నానోమోలార్ మాత్రమే ఉంటుంది. సంకేతం వచ్చినప్పుడు అది మైక్రోమోలార్ స్థాయికి పెరుగుతుంది. అప్పుడు ప్రతి లోబ్‌లోనూ ఒకదానికొకటి దగ్గరగా మూసుకుని ఉన్న హెలిక్స్‌లు విడివడి, అప్పటివరకూ లోపల దాగి ఉన్న, నీటిని వికర్షించే ఒక ఉపరితలం బయటపడుతుంది.

ఆ ఉపరితలాన్ని ఎక్కువగా ఏర్పరిచేది మెథియోనిన్లే. ఇంత చిన్న ప్రోటీన్‌లో తొమ్మిది మెథియోనిన్లు ఉండటం అసాధారణం. వాటిలో 36, 51, 71, 72 స్థానాలవి ఎన్-లోబ్ వైపు, 109, 124, 144, 145 స్థానాలవి సీ-లోబ్ వైపు ఈ పని చేస్తాయి. మెథియోనిన్ పక్క గొలుసుకు కొమ్మలు ఉండవు కాబట్టి అది సులభంగా అటూ ఇటూ వంగుతుంది. దానిలోని గంధక పరమాణువు ఎలాంటి పొరుగునైనా సర్దుకుపోతుంది. ట్రిప్టోఫాన్ వచ్చినా, ల్యూసిన్ వచ్చినా, ఫినైల్‌అలనిన్ వచ్చినా ఈ ఉపరితలం దానికి తగ్గట్టుగా అమరుతుంది. కాల్‌మాడ్యులిన్‌కు ఇంతమంది భాగస్వాములు ఎలా సాధ్యమయ్యారన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం రెండు లోబ్‌లను కలిపే మధ్య భాగంలో ఉంది.

భాగస్వామి లేనప్పటి రూపం

1985లో బర్మింగ్‌హామ్‌లోని అలబామా విశ్వవిద్యాలయంలో వై.ఎస్. బాబు, చార్లెస్ బగ్, విలియం కుక్, వారి సహచరులు కలిసి కాల్షియంతో నిండిన కాల్‌మాడ్యులిన్ స్ఫటిక నిర్మాణాన్ని నేచర్ పత్రికలో ప్రచురించారు. అందులో ప్రోటీన్ ఒక డంబెల్‌లా కనిపించింది. సుమారు 65 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే నానోమీటరులో పదో వంతు) పొడవు, రెండు చివర్లలో రెండు లోబ్‌లు, వాటి మధ్య ద్రావణంలోకి పూర్తిగా బయటపడి ఉన్న ఒక పొడవైన హెలిక్స్. లోబ్‌లు రెండూ ఒకదానినొకటి తాకవు. పాఠ్యపుస్తకాలన్నీ నేటికీ వాడే బొమ్మ ఇదే.

ఆ బొమ్మను చూసినవారికి వెంటనే తట్టిన ఇబ్బంది ఒకటుంది. కాల్‌మాడ్యులిన్ పట్టుకునే పెప్టైడ్‌లు చాలావరకు ఇరవై నుంచి ఇరవై ఆరు అమైనో ఆమ్లాల పొడవే ఉంటాయి. హెలిక్స్‌లో ఒక్కో అమైనో ఆమ్లం 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల పొడవు ఆక్రమిస్తుంది కాబట్టి, మొత్తం పెప్టైడ్ నలభై ఆంగ్‌స్ట్రామ్‌లు దాటదు. అంత దూరాన విడిగా ఉన్న రెండు ఉపరితలాలు ఒకే పొట్టి హెలిక్స్‌ను ఒకేసారి ఎలా పట్టుకోగలవు? 1988లో ఆంథొనీ పెర్సెచినీ, రాబర్ట్ క్రెట్సింగర్ దీనికి ఒక చక్కని ప్రయోగంతో సమాధానం చెప్పారు. వారు కాల్‌మాడ్యులిన్ రెండు లోబ్‌లలోనూ ఒక్కొక్క సిస్టీన్ ప్రవేశపెట్టి, ఆ రెండింటినీ రసాయనికంగా కలిపి కట్టేశారు. లోబ్‌లు దగ్గరపడితే తప్ప అలా కట్టడం కుదరదు. అలా కట్టిన ప్రోటీన్ కూడా, కాల్‌మాడ్యులిన్ పనిచేయించే కండర ఎంజైమ్ అయిన మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్‌ను ఉత్తేజపరిచింది. అంటే లోబ్‌లు దగ్గరపడిన రూపం ద్రావణంలో సాధ్యమే కాదు, ఎంజైమ్‌ను పనిచేయించడానికి సరిపోయేది కూడా. మధ్య హెలిక్స్‌లోంచి కొన్ని అమైనో ఆమ్లాలను తీసేసినా ఉత్తేజక శక్తి చాలావరకు నిలిచే ఉంటుందని ఆ తరువాతి ప్రయోగాలు చూపాయి.

1992లో గేతనో బార్బటో, మిత్సుహికో ఇకురా, లూయిస్ కే, అన్నలీసా పాస్టోర్, ఆడ్ బ్యాక్స్ కలిసి నైట్రోజన్-15 ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల సంకేతాలను చదివే పద్ధతి) రిలాక్సేషన్ కొలతలతో ద్రావణంలో ఈ హెలిక్స్ మధ్యలో, 78 నుంచి 81 స్థానాల దగ్గర, బాగా కదులుతూ ఉంటుందని తేల్చారు. రెండు లోబ్‌లు దాదాపు స్వతంత్రంగా తిరుగుతాయి. 2003లో జెన్నిఫర్ ఫాలన్, ఫ్లోరాంటే క్వియోచో ఏ భాగస్వామీ లేకుండానే కాల్షియంతో నిండిన కాల్‌మాడ్యులిన్‌ను మరో స్ఫటికంలో పట్టుకున్నారు. అందులో ప్రోటీన్ దగ్గరగా ముడుచుకుని ఉంది. ఒకే ప్రోటీన్, ఒకే కాల్షియం, రెండు స్ఫటికాలు, రెండు రూపాలు.

దీన్ని బట్టి 1985 నాటి నిర్మాణం తప్పని కొందరు తేల్చేయడం నేను విన్నాను. ఆ మాట న్యాయం కాదని నా అభిప్రాయం. లోబ్‌ల లోపలి నిర్మాణాన్ని, కాల్షియం కూర్చునే తీరును, బయటపడిన ఉపరితలాన్ని ఆ పని మొదటిసారి కచ్చితంగా చూపింది. మధ్య హెలిక్స్ నిటారుగా కనిపించడమన్నది స్ఫటికంలో పొరుగు అణువుల అమరిక నిలబెట్టిన ఒక స్థితి. ద్రావణంలో ఉండే అనేక స్థితుల్లో అది ఒకటి. పొరపాటు జరిగితే అది ఆ ఒక్క స్థితినే ప్రోటీన్ మొత్తంగా చదివిన మనదే.

ఎం13 చేరినప్పుడు

ఎం13 అంటే అస్థి కండరపు మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్‌లో కాల్‌మాడ్యులిన్ పట్టుకునే 26 అమైనో ఆమ్లాల భాగం. కాల్షియం లేనప్పుడు ఆ కైనేజ్‌లోని ఈ ప్రాంతం, దాని పక్కనే ఉన్న నిరోధక భాగంతో కలిసి, ఎంజైమ్ చర్యాస్థానాన్ని అడ్డగిస్తుంది. కాల్‌మాడ్యులిన్ వచ్చి ఈ ప్రాంతాన్ని పట్టుకుని పక్కకు లాగినప్పుడు ఎంజైమ్ తెరుచుకుంటుంది. విడిగా ద్రావణంలో ఎం13కు స్థిరమైన ఆకృతి అంటూ ఉండదు. కాల్‌మాడ్యులిన్‌లో చేరాక అది ఆల్ఫా హెలిక్స్‌గా మారుతుంది. అంటే ఇక్కడ ఇద్దరూ మారుతున్నారు.

1992లో ఇకురా, మారియస్ క్లోర్, ఏంజెలా గ్రోనెన్‌బోర్న్, బ్యాక్స్ తదితరులు ఎన్ఎంఆర్ ద్వారా ఈ జంట నిర్మాణాన్ని సైన్స్ పత్రికలో ప్రచురించారు. అదే సంవత్సరం విలియం మీడర్, ఆంథొనీ మీన్స్, క్వియోచో నునుపు కండరపు కైనేజ్ పెప్టైడ్‌తో స్ఫటిక నిర్మాణాన్ని అదే పత్రికలో వెలువరించారు. రెండు పద్ధతులూ ఒకే సంగతి చెప్పాయి. డంబెల్ మధ్య హెలిక్స్ 74 నుంచి 82 స్థానాల ప్రాంతంలో విప్పుకుని వంగిపోగా, రెండు లోబ్‌లు పెప్టైడ్‌ను రెండు అరచేతుల మధ్య పట్టుకున్నట్టు చుట్టుముట్టాయి. ఎన్ఎంఆర్ నిర్మాణంలో మొత్తం కాంప్లెక్స్ సుమారు 47, 32, 30 ఆంగ్‌స్ట్రామ్‌ల కొలతలున్న గుండ్రటి ముద్ద. పెప్టైడ్‌లోని 4వ స్థానపు ట్రిప్టోఫాన్ సీ-లోబ్ లోతులోకి, 17వ స్థానపు ఫినైల్‌అలనిన్ ఎన్-లోబ్ లోతులోకి దిగాయి. లంగరులా పట్టునిచ్చే ఆ రెండు ఆధారాల్లో మొదటిదాన్ని ఒకటో స్థానంగా లెక్కిస్తే రెండోది పద్నాలుగో స్థానంలో ఉంటుంది, అంటే ఒకటి, పద్నాలుగు దూరం. పెప్టైడ్‌లో విరివిగా ఉన్న లైసిన్, ఆర్జినిన్‌లు కాల్‌మాడ్యులిన్ ఉపరితలంలోని ఆమ్ల భాగాలతో జతపడి మొత్తం అమరికను బిగిస్తాయి. బంధన బలం నానోమోలార్ స్థాయిలోనే ఉంటుంది.

ఇక్కడ గమనించదగ్గ విషయం ఒకటుంది. విడిగా చూస్తే ఎన్-లోబ్ గానీ సీ-లోబ్ గానీ లోపల పెద్దగా మారలేదు. కాల్షియం చేరినప్పుడు తెరుచుకున్న రూపంలోనే అవి ఉన్నాయి. మారినదంతా వాటి మధ్య సంబంధం. కాల్షియం లోబ్ లోపలి ఆకృతిని మారుస్తుంది, భాగస్వామి రెండు లోబ్‌ల మధ్య దూరాన్నీ దిశనూ నిర్ణయిస్తాడు. ఈ రెండు దశలను వేరు చేసి చూడకపోతే ప్రయోగ ఫలితాలు గందరగోళంగా కనిపిస్తాయి.

పెప్టైడ్ వచ్చాకే లోబ్‌లు దగ్గరపడతాయా, లేక అప్పటికే అప్పుడప్పుడు దగ్గరపడుతున్న అణువులను పెప్టైడ్ ఎంచుకుంటుందా అన్నది చాలాకాలం చర్చలో ఉంది. 2011లో నికొలస్ ఆంథిస్, క్లోర్, వారి సహచరులు పారామాగ్నెటిక్ రిలాక్సేషన్ పద్ధతితో భాగస్వామి లేని కాల్‌మాడ్యులిన్‌లో కూడా స్వల్ప శాతం అణువులు క్షణికంగా ముడుచుకుని ఉంటాయని చూపారు. ఆ క్షణిక రూపాల్లో కొన్ని పెప్టైడ్‌తో ఏర్పడే రూపాన్ని పోలి ఉన్నా, చివరి బిగింపు మాత్రం పెప్టైడ్ సమక్షంలోనే సాధ్యమని నేను అర్థం చేసుకున్నాను. ఎంపిక, ప్రేరణ రెండూ ఇందులో ఉన్నాయి.

ప్రయోగశాలలో ఈ మార్పును పట్టుకునే తీరు

కాల్‌మాడ్యులిన్‌ను ఈ.కోలై బాక్టీరియాలో తయారుచేయడం తేలిక. వేడికి తట్టుకునే ప్రోటీన్ కాబట్టి కణాల సారాన్ని వేడి చేస్తే మిగతా ప్రోటీన్లలో చాలా భాగం గడ్డకట్టి పోతాయి. ఆ తరువాత కాల్షియం సమక్షంలో ఫినైల్ సెఫరోజ్ కాలమ్‌పై ఎక్కిస్తే, తెరుచుకున్న ఉపరితలం ద్వారా అది కాలమ్‌ను అంటిపెట్టుకుంటుంది. కాల్షియాన్ని బంధించే ఈజీటీఏ లేదా ఈడీటీఏ పోసి కాల్షియాన్ని లాగేస్తే ఉపరితలం మూసుకుని ప్రోటీన్ దిగిపోతుంది. ఈ శుద్ధి విధానమే ఆకృతి మార్పుకు ఒక నిత్య నిరూపణ.

అసలు కష్టం కాల్షియాన్ని అదుపులో ఉంచడంలో ఉంది. గాజు పాత్రల నుంచి, మామూలు నీటి నుంచి, లవణాల నుంచి మైక్రోమోలార్ స్థాయిలో కాల్షియం బఫర్‌లోకి చేరుతూ ఉంటుంది. కాల్షియం లేని స్థితిని అధ్యయనం చేయాలంటే ప్లాస్టిక్ సీసాలు, లోహ అయాన్లను పట్టేసే చెలెక్స్ రెసిన్‌తో శుద్ధి చేసిన బఫర్ తప్పనిసరి. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం ఫాస్ఫేట్‌గా అవక్షేపం చెందుతుంది కాబట్టి హెపిస్ లేదా ట్రిస్ వాడాలి. కాల్షియం లేని స్థితికి నియంత్రణగా నాలుగు లూప్‌ల మొదటి ఆస్పార్టేట్‌లను, అంటే 20, 56, 93, 129 స్థానాలవాటిని, అలనిన్‌గా మార్చిన ప్రోటీన్‌ను చాలామంది వాడతారు. అది ఉపయోగకరమే. అయితే ఆ నాలుగు మార్పులూ ప్రోటీన్ ఉపరితలపు ఆవేశాన్ని కూడా మారుస్తాయి కనుక, దాన్ని సహజ కాల్షియంరహిత ప్రోటీన్‌కు పూర్తి ప్రత్యామ్నాయంగా నేను లెక్కించను.

పెప్టైడ్ చేరిందా, ఎంత నిష్పత్తిలో చేరిందా అని మొదట చూడటానికి 4 మోలార్ యూరియా ఉన్న జెల్ మంచి సాధనం. బలమైన పెప్టైడ్‌లు ఆ యూరియాలో కూడా విడిపోకుండా, కాల్‌మాడ్యులిన్ బ్యాండ్‌ను కొత్త స్థానానికి జరుపుతాయి. అదే జెల్‌ను కాల్షియం బదులు ఈజీటీఏతో నడిపితే జరుగుదల కనిపించకూడదు. ఆ నియంత్రణ లేని జెల్ బొమ్మను నేను సాక్ష్యంగా తీసుకోను. ప్రోటీన్లను విప్పేసి పరిమాణాన్ని బట్టి వేరుచేసే ఎస్డీఎస్ జెల్‌లో సైతం కాల్షియం ఉన్నప్పుడు కాల్‌మాడ్యులిన్ కొంచెం వేగంగా కదులుతుందన్నది కొత్తగా పని మొదలుపెట్టేవారు తెలుసుకోవాలి. లేకపోతే ఒకే ప్రోటీన్ రెండు చోట్ల కనిపించి కల్తీ అనిపిస్తుంది.

సకశేరుకాల కాల్‌మాడ్యులిన్‌లో ట్రిప్టోఫాన్ ఒక్కటి కూడా లేదు. 99, 138 స్థానాల్లో టైరోసిన్లు మాత్రమే ఉన్నాయి. ఎం13లో ఒక ట్రిప్టోఫాన్ ఉంది. 295 నానోమీటర్ల కాంతితో ఉత్తేజపరిస్తే ఫ్లోరసెన్స్ అంతా పెప్టైడ్ నుంచే వస్తుంది. నీటిలో ఉన్నప్పుడు 350 నానోమీటర్లు దాటిన చోట ఉండే దాని శిఖరం, సీ-లోబ్ లోపలికి దిగాక 330 పరిసరాలకు జరుగుతుంది. ఎలాంటి గుర్తు తగిలించకుండా ఒక జంట కలయికను ఇంత స్పష్టంగా చూడగలిగిన సందర్భాలు తక్కువ. ఆ శిఖరం సీ-లోబ్‌లో ఏమి జరిగిందో మాత్రమే చెబుతుందన్న పరిమితిని మరిచిపోకూడదు. ఎన్-లోబ్ చేరిందో లేదో దాని వల్ల తెలియదు.

ఎన్-లోబ్ సంగతి తెలియాలంటే ఎన్ఎంఆర్ కావాలి. నైట్రోజన్-15 గుర్తు తగిలించిన కాల్‌మాడ్యులిన్ హెచ్ఎస్‌క్యూసీ వర్ణపటంలో (దాదాపు ప్రతి అమైనో ఆమ్లానికి ఒక్కో శిఖరం చూపే ఎన్ఎంఆర్ చిత్రంలో) నేను మొదట వెతికేవి 25, 61, 98, 134 స్థానాల గ్లైసిన్‌ల శిఖరాలు. అవి కాల్షియం లూప్‌ల ఆరో స్థానంలో ఉండి, కాల్షియం చేరినప్పుడు వర్ణపటపు కొలమానంలో 10 పీపీఎం దాటిన ఖాళీ ప్రాంతంలోకి వెళ్లి నిలబడతాయి. నాలుగూ ఉంటే నాలుగు లూప్‌లూ నిండినట్టే. పెప్టైడ్ కలుపుతూ పోతే పాత శిఖరాలు జరగవు. క్రమంగా సన్నబడి మాయమవుతుంటాయి, వేరే చోట కొత్తవి పుడతాయి. ఒకటికి ఒకటి నిష్పత్తి చేరేసరికి పాతవి ఏవీ మిగలవు. ఇది బలమైన, నెమ్మదిగా విడిపోయే బంధానికి గుర్తు. మొత్తం ఆకృతి కోసం చిన్న కోణపు ఎక్స్-రే విక్షేపణ చేయాలి. భాగస్వామి లేని కాల్‌మాడ్యులిన్ పరిభ్రమణ వ్యాసార్థం, అంటే అణువు ఎంత విస్తరించి ఉందో చెప్పే కొలత, సుమారు 21 ఆంగ్‌స్ట్రామ్‌లు ఉండగా, కైనేజ్ పెప్టైడ్‌తో అది 16, 17 పరిసరాలకు పడిపోతుందని జిల్ ట్రూహెల్లా బృందం 1980ల చివరలోనే కొలిచింది. అన్నింటికంటే నాకు నమ్మకం కలిగించే కొలత అదే, ఎందుకంటే అందులో స్ఫటికమూ లేదు, గుర్తులూ లేవు.

భాగస్వామి మారితే

పై వివరాలన్నీ ఒక్క భాగస్వామివి. దాన్ని నమూనాగా తీసుకుని కాల్‌మాడ్యులిన్ ఎప్పుడూ ఇలాగే చుట్టుకుంటుందనుకుంటే దారి తప్పుతాం. నాడీకణాల్లో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన కామ్ కైనేజ్-2 అనే ఎంజైమ్ పెప్టైడ్‌తో 1993లో మీడర్, మీన్స్, క్వియోచో చూసిన నిర్మాణంలో ఆధారాలు రెండూ ల్యూసిన్లే. అవి 299, 308 స్థానాల్లో ఉంటాయి, అంటే ఒకటి, పది దూరం. లోబ్‌లు మరింత దగ్గరపడ్డాయి. దానికోసం మధ్య హెలిక్స్ ఇంకా ఎక్కువగా విప్పుకుంది. ఆ మధ్య భాగం అవసరాన్ని బట్టి కురచగానో పొడుగ్గానో సర్దుకుంటుందని వారు గుర్తించడం ఈ రంగంలో పెద్ద మలుపు. 1999లో ఒసావా బృందం కామ్ కైనేజ్ కైనేజ్ అనే మరో ఎంజైమ్ పెప్టైడ్‌తో మరో వింత చూపింది. అక్కడ ఆధారాల దూరం ఒకటి, పదహారు. పైగా పెప్టైడ్ దిశ తలకిందులైంది, దాని ముందు భాగాన్ని పట్టుకున్నది ఎన్-లోబ్.

చుట్టుకోవడమే జరగని సందర్భాలూ ఉన్నాయి. ఆంత్రాక్స్ కలిగించే బాక్టీరియా స్రవించే ఎడీమా ఫ్యాక్టర్ ఒక అడెనైలైల్ సైక్లేజ్. బాక్టీరియాలో అది నిద్రాణంగా ఉంటుంది, మన కణంలోకి ప్రవేశించి మన కాల్‌మాడ్యులిన్‌ను చేజిక్కించుకున్నాకే మేల్కొంటుంది. 2002లో వెయ్-జెన్ టాంగ్ బృందం చూపిన నిర్మాణంలో కాల్‌మాడ్యులిన్ చాచుకుని ఎంజైమ్ రెండు భాగాల మధ్యలోకి చొరబడి ఉంది. దాని ధాటికి ఎంజైమ్‌లోని ఒక హెలిక్స్ భాగం 15 ఆంగ్‌స్ట్రామ్‌లు జరిగి 30 డిగ్రీలు తిరిగింది. అంటే ఎం13 విషయంలో ముడుచుకునే ప్రోటీనే ఇక్కడ చాచుకుని భాగస్వామిని మారుస్తోంది. భాగస్వామి ప్రోటీనే కానక్కర లేదు కూడా. మానసిక వ్యాధులకు వాడిన ట్రైఫ్లూపెరజైన్ అనే చిన్న మందు అణువులు చేరినా, పెప్టైడ్ ఏదీ లేకుండానే, కాల్‌మాడ్యులిన్ ముడుచుకుని గుండ్రటి ముద్దగా మారుతుందని 1994లో స్ఫటిక నిర్మాణాలు చూపాయి.

పెప్టైడ్‌లతోనూ ముక్కలతోనూ పనిచేసేవారికి ఎస్‌కే పొటాషియం ఛానెల్ కథ తప్పక తెలియాలి. 2001లో మరియా షూమేకర్, జాన్ ఆడెల్మన్ తదితరులు ఛానెల్‌లో కాల్‌మాడ్యులిన్ పట్టుకునే ముక్కను మాత్రమే తీసుకుని 1.6 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో స్ఫటిక నిర్మాణం సాధించారు. రెండు ముక్కలు, రెండు కాల్‌మాడ్యులిన్లు కలిసి ఒక జంటగా అందులో కనిపించాయి. సీ-లోబ్ కాల్షియం లేకుండానే ఛానెల్‌ను అంటిపెట్టుకుని ఉండగా, కాల్షియం అంతా ఎన్-లోబ్‌లో ఉంది. 2018లో చియా-హ్సుయే లీ, రోడెరిక్ మెకినన్ మానవ ఎస్‌కే4 ఛానెల్‌ను పూర్తిగా, అణువులను గడ్డకట్టించి చిత్రించే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీలో చూశారు. సీ-లోబ్ ఎల్లప్పుడూ ఛానెల్‌తో ఉంటుందన్న మాట నిలిచింది. ఆ జంట అమరిక మాత్రం పూర్తి ఛానెల్‌లో లేదు. కాల్షియం చేరిన ఎన్-లోబ్, ఛానెల్‌లో కణపొరను దాటే నాలుగో, ఐదో హెలిక్స్‌లను కలిపే భాగాన్ని పట్టుకుని ద్వారాన్ని తెరుస్తోంది. ముక్కలో ఆ భాగమే లేదు. లేని భాగస్వామికి బదులు ఎన్-లోబ్ దొరికినదాన్ని పట్టుకుంది. అధిక స్పష్టత మాత్రమే సరైన సమాధానానికి హామీ కాదని నా విద్యార్థులకు నేను చెప్పే ఉదాహరణ ఇదే.

భాగస్వామి కాల్షియం కొలతనూ మారుస్తాడు

ఆకృతి మార్పును ఒక బొమ్మగానే చూసి ఆగిపోతే ఇందులోని అసలు సంగతి తప్పిపోతుంది. ఉష్ణగతిక శాస్త్రం ప్రకారం, కాల్షియం చేరడం వల్ల పెప్టైడ్ బంధం బలపడితే, పెప్టైడ్ చేరడం వల్ల కాల్షియం బంధం కూడా అంతే మేరకు బలపడి తీరాలి. విడి కాల్‌మాడ్యులిన్‌లో సీ-లోబ్ కాల్షియాన్ని గట్టిగా, నెమ్మదిగా పట్టుకుంటుంది. ఎన్-లోబ్ బలహీనంగా పట్టుకున్నా చాలా వేగంగా పట్టుకుని వదులుతుంది. ఎం13 చేరాక రెండు లోబ్‌ల కాల్షియం పట్టు ఎంతో పెరుగుతుంది. కణంలో కాల్షియం తగ్గుముఖం పట్టిన తరువాత కూడా ఆ జంట కొంతసేపు నిలుస్తుంది. కామ్ కైనేజ్-2లో ఇది మరీ స్పష్టం. 286వ స్థానపు థ్రియోనిన్‌పై ఎంజైమ్ తనకు తాను ఫాస్ఫేట్ చేర్చుకున్నాక, కాల్‌మాడ్యులిన్‌పై దాని పట్టు వెయ్యి రెట్లకు పైగా పెరుగుతుందని, విడిపోవడానికి క్షణంలోపు పట్టేది వందల సెకన్లకు చేరుతుందని 1992లో టోబియాస్ మేయర్, హోవర్డ్ షుల్మన్ తదితరులు చూపారు. దీనికి భిన్నంగా, నాడీకణాల్లోని న్యూరోగ్రానిన్ కాల్షియం లేని కాల్‌మాడ్యులిన్‌ను ఇష్టపడి, దాని కాల్షియం పట్టును తగ్గిస్తుంది. ఒకే కణంలో, ఒకే కాల్షియం మోతాదుకు, ఒక కాల్‌మాడ్యులిన్ నిండిపోయి మరొకటి ఖాళీగా ఉండవచ్చు. కాబట్టి కాల్‌మాడ్యులిన్ కాల్షియం బంధన స్థిరాంకం ఎంత అని అడిగితే, ఎవరి సమక్షంలో అన్న ప్రశ్న వెంటనే వేయాలి.

ఈ సంబంధాన్నే ఆధారంగా చేసుకుని 1997లో అత్సుషి మియావాకి, రోజర్ త్సియెన్ బృందం కాల్‌మాడ్యులిన్, ఎం13లను ఒకే గొలుసుగా చేసి, ఇరువైపులా రెండు రంగుల ఫ్లోరసెంట్ ప్రోటీన్లు తగిలించి, కామీలియన్ అనే కాల్షియం సూచికను తయారుచేసింది. 2001లో జునిచి నకాయ్, మసామిచి ఓకురా, కెయిజి ఇమోతో రూపొందించిన జీక్యాంప్ ఇదే జంటను ఒకే ఫ్లోరసెంట్ ప్రోటీన్ చుట్టూ అమర్చింది. నాడీకణాల కార్యకలాపాలను మెరుపులుగా చూపే నేటి ప్రయోగాల్లో అధిక భాగం దీని వారసులతోనే జరుగుతున్నాయి. అయితే సూచికలోని కాల్‌మాడ్యులిన్ కూడా కాల్‌మాడ్యులినే. కణంలోని సొంత భాగస్వాములతో, ముఖ్యంగా కాల్షియం ఛానెళ్లతో, అది జతకూడే అవకాశం ఉంది. ఆ జోక్యాన్ని తగ్గించడానికి సూచికను తిరిగి రూపొందించవలసి వచ్చింది.

రోగుల్లో కనిపించే మార్పులు

2012లో మెట్టే నైగార్డ్ తదితరులు ఒక స్వీడిష్ కుటుంబంలో ఆందోళన, శ్రమ సమయాల్లో వచ్చే ప్రమాదకరమైన హృదయ లయ లోపానికి సీఏఎల్ఎం1 జన్యువులో మార్పు కారణమని గుర్తించారు. 53వ స్థానపు ఆస్పరాజిన్ ఐసోల్యూసిన్‌గా మారింది. మరో రోగిలో 97వ స్థానపు ఆస్పరాజిన్ సెరిన్‌గా మారింది. 2013లో లియా క్రొట్టి తదితరులు పసితనంలోనే పదేపదే గుండె ఆగిన పిల్లల్లో 95వ స్థానపు ఆస్పార్టేట్ వాలీన్‌గా, 129వ స్థానపుది గ్లైసిన్‌గా, 141వ స్థానపు ఫినైల్‌అలనిన్ ల్యూసిన్‌గా మారడాన్ని నమోదు చేశారు. వైద్య నివేదికల్లో మొదటి మెథియోనిన్‌ను కూడా లెక్కిస్తారు కాబట్టి ఈ సంఖ్యలు ఒక్కొక్కటి పెరిగి కనిపిస్తాయి. నిర్మాణ పత్రాలతో పోల్చేటప్పుడు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఒక వ్యక్తిలో కాల్‌మాడ్యులిన్ జన్యు ప్రతులు ఆరు ఉంటాయి. ఒక్కటే చెడినా ఇంత తీవ్రమైన వ్యాధి ఎందుకు వస్తుంది? కాల్షియం లేని కాల్‌మాడ్యులిన్ గుండె కణాల్లోని సీఏవీ1.2 కాల్షియం ఛానెల్‌ను ముందుగానే అంటిపెట్టుకుని ఉంటుంది. కాల్షియం పట్టుకోలేని మార్పు ఉన్న ప్రోటీన్ కూడా ఆ స్థానాన్ని ఆక్రమించగలదు. ఆక్రమించి, కాల్షియం వచ్చినా ఛానెల్‌ను మూయలేదు. అందువల్ల దీర్ఘ క్యూటీ లోపం (ప్రతి స్పందన తరువాత గుండె తిరిగి సిద్ధం కావడానికి ఎక్కువ సమయం పట్టే లయ లోపం) ఉన్న రోగుల మార్పులు ప్రధానంగా సీఏవీ1.2తో పొత్తును చెడగొడతాయి. స్వీడిష్ కుటుంబపు మార్పు వేరే దారిది. అది కాల్షియం లూప్‌లో లేదు, కాల్షియం పట్టు దాదాపు మామూలుగానే ఉంటుంది. లోపం, గుండె కణంలోని నిల్వల నుంచి కాల్షియాన్ని విడుదల చేసే ఛానెల్ అయిన రయనోడిన్ గ్రాహకం-2తో కలిపి చూసినప్పుడే బయటపడింది. శుద్ధి చేసిన ప్రోటీన్‌పై కాల్షియం బంధనం ఒక్కటే కొలిచే ప్రయోగశాల అలాంటి మార్పును నిరపాయకరమని రాసి పంపే ప్రమాదం ఉంది. కొత్త మార్పు ఏది వచ్చినా కనీసం సీఏవీ1.2, రయనోడిన్ గ్రాహకం-2, కామ్ కైనేజ్-2 ఈ మూడింటితో విడివిడిగా, మామూలు కాల్‌మాడ్యులిన్ కూడా అదే గొట్టంలో ఉండగా, కాల్షియం ఉన్నప్పుడూ లేనప్పుడూ పరీక్షించిన తరువాతే నివేదిక రాయాలని నేను పట్టుబడతాను.